మోకాలి నొప్పికి జవాబు ఎలా తయారవుతుంది

ముడిసరుకు ఒకే ఒక్క మాట: "మోకాలు పట్టేస్తోంది, ఎందుకో తెలియట్లేదు." పడింది లేదు, దెబ్బ తగిలింది లేదు, కాలు మెలిక పడిందీ లేదు. వయసు 48, డిగ్రీ కాలేజీలో లెక్చరరు. వారానికి నాలుగు రోజులు నెక్లెస్ రోడ్డు మీద పరుగెత్తుతారు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో 21 కిలోమీటర్ల పరుగుకు సాధన చేస్తున్నారు. రెండు నెలలుగా కుడి మోకాలు పొద్దున లేవగానే బిగుసుకుని ఉంటోంది. దూరం పరుగెత్తిన మర్నాడు ఉబ్బుతోంది. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోనివ్వడం లేదు. ఈ ఫిర్యాదు నాలుగు వరుసల జవాబుగా మారి కాగితం మీదికి ఎక్కేదాకా జరిగే పని చాలా ఓపికైన పని. ఈ మోకాలు ఏ ఒక్కరిదీ కాదు. నడివయసు పరుగువాళ్లలో తరచూ కనిపించే లక్షణాలను ఒకచోట చేర్చి, ఆ పని ఏ వరుసలో నడుస్తుందో చూపడానికి తీసుకున్నది. ధరలు నగరంలోని ప్రైవేటు ఆసుపత్రుల్లో ఇంచుమించుగా ఉండేవి.

లెక్చరరు గారు కుర్చీలో కూర్చుంటూనే ఒక ప్లాస్టిక్ కవరు బల్ల మీద పెడతారు. అందులో ఎమ్మారై బొమ్మలతో పాటు రెండు కాగితాలున్నాయి. రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ 7.4 అని ఒకటి, ఎమ్మారైలో 'లోపలి మీనిస్కస్ వెనక భాగంలో చిరుగు' అని మరొకటి. మొదటిది చూసి ఒకరు గౌట్ అన్నారు, రెండోది చూసి ఇంకొకరు ఆపరేషన్ అన్నారు. కీళ్లవాత నిపుణురాలు కవరు విప్పకుండానే పక్కకు జరుపుతారు. "ఇవి చివర్లో చూద్దాం సార్. ముందు మీరు చెప్పండి." రిపోర్టు ముందు చదివితే కన్ను, చెయ్యి రెండూ దాని వెంటే పోతాయి. అందుకే ప్రశ్న తయారయ్యేదాకా ఆమె ఏ పరీక్షా ఫలితాన్ని చూడరు.

మొదటి అంచె మాటలు. దీనికి ఇరవై నిమిషాలు. నొప్పి ఎక్కడో వేలితో చూపించమంటారు. ఆయన ముందు అరచేతితో మోకాలంతా తడుముతారు. "ఒక్క వేలితో చూపించండి" అని మళ్లీ అడిగితే, వేలు మోకాలి లోపలి పక్కన, రెండు ఎముకలు కలిసే గీత మీద ఆగుతుంది. చిప్ప చుట్టూ చూపించి ఉంటే ఆలోచన చిప్ప వెనక కీలు వైపు పోయేది. చిప్ప కింది పట్టీ మీద చూపించి ఉంటే స్నాయువు వైపు పోయేది. వాపు ఎంతసేపటికి వస్తుందన్నది తర్వాతి ప్రశ్న. దెబ్బ తగిలిన రెండు మూడు గంటల్లోనే మోకాలు ఉబ్బితే లోపల రక్తం చేరినట్టు, చాలాసార్లు లిగమెంటు తెగినట్టు అనుకోవాలి. రాత్రి గడిచాక మెల్లగా వచ్చే వాపు కీలు తనలో తాను ఊరించుకున్న నీరు. ఈయనది రెండో రకం.

పొద్దున బిగుసుకోవడం ఎన్ని నిమిషాలుంటుందన్న దగ్గర డాక్టరు గారు ఎక్కువసేపు ఆగుతారు. "కాసేపుంటుంది మేడమ్" అన్న మాటను ఆమె రాసుకోరు. లేచాక ఏం చేస్తారు, కాఫీ తాగేసరికి ఎలా ఉంటుంది, పేపరు చదవడం అయ్యేసరికి ఎలా ఉంటుంది అని పనుల వరుసలో అడిగి లెక్క తేలుస్తారు. పదిహేను నిమిషాలు. అరుగుదల వల్ల వచ్చే బిగువు మామూలుగా అరగంట లోపే సడలుతుంది. కీళ్లవాతంలో గంట దాటి కూడా ఉంటుంది. ఈ ఒక్క లెక్క చాలా దారులు మూసేస్తుంది, అందుకే దానికి అంత శ్రమ.

ఆ తర్వాతి ప్రశ్నలు మోకాలికి దూరంగా ఉన్నట్టు అనిపిస్తాయి. చర్మం మీద పొలుసులు లేస్తాయా? కళ్లు ఎర్రబడ్డాయా? తెల్లవారుజామున నడుం నొప్పితో మెలకువ వస్తుందా? ఈమధ్య విరేచనాలు, మూత్రంలో మంట ఏమైనా వచ్చాయా? ఇవన్నీ మోకాలిని వాపు పట్టించగల జబ్బుల ఆనవాళ్లు. మన ప్రాంతానికి ప్రత్యేకమైనవి మరో మూడున్నాయి. చికున్‌గున్యా వచ్చి తగ్గిందా? జ్వరం పోయాక కూడా కొందరిలో కీళ్లనొప్పులు నెలల తరబడి ఉంటాయి. సాయంత్రాలు జ్వరం, బరువు తగ్గడం ఉన్నాయా? ఒకే ఒక్క కీలు నెలల తరబడి ఉబ్బి ఉంటే క్షయను మన దేశంలో మరవకూడదు. చిన్నప్పుడు ఏ ఊరి నీళ్లు తాగారు? నల్లగొండ జిల్లాలోని ఫ్లోరైడ్ ఊళ్లలో పెరిగినవాళ్లకు వెన్ను, కీళ్లు బిగుసుకుపోవడం ఆ నీటి వల్ల కూడా కావచ్చు. అన్నిటికీ జవాబు లేదనే. ఒక్కో 'లేదు' పక్కనా ఆమె చిన్న సున్నా పెడతారు. పూర్తయిన జవాబులో ఆ సున్నాలకూ చోటుంది.

తర్వాత పరుగు లెక్క. చేతి గడియారంలోని రికార్డు తీయించి, నొప్పి మొదలవడానికి ముందటి నాలుగు వారాలు చదువుతారు: 24, 26, 38, 44 కిలోమీటర్లు. మూడో వారంలోనే ఫ్లైఓవరు ఎక్కి దిగే సాధన కూడా కలిసింది. దిగేటప్పుడు మోకాలి మీద పడే భారం ఎక్కువ. రెండు వారాల్లో దూరం ఒకటిన్నర రెట్లు దాటింది. ఆయన మాత్రం దీన్ని తన ఫిర్యాదులో చెప్పలేదు, ఎందుకంటే ఆ పరుగులు హాయిగా సాగాయి. కాగితం అడుగున డాక్టరు గారు మూడు ప్రశ్నలు రాస్తారు. నొప్పి పుట్టింది మోకాల్లోనేనా? లోపలి నీరు వాపుజబ్బుదా, అరుగుదలదా? గౌట్ వంటివి తెచ్చే స్ఫటికాలు గానీ, ఇన్ఫెక్షన్ గానీ ఉన్నాయా? ఇకమీదట ఏ పరీక్ష చేసినా ఈ మూడింటిలో ఒకదానికి జవాబు చెప్పాల్సిందే.

రెండో అంచె చూపు. ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, చెప్పులు విడిచి, వరండాలో పది మీటర్లు నడవమంటారు. కుడి కాలు నేల మీద నిలిచే సమయం ఎడమ కాలి కంటే కొంచెం తక్కువ. నొప్పి ఉన్న కాలు తొందరగా బరువు దించుకుంటుంది. తర్వాత 20 సెంటీమీటర్ల ఎత్తు మెట్టు మీద ఒంటికాలితో నిలబడి, రెండో మడమ నేలను తాకేదాకా మెల్లగా దిగమంటారు. ఎడమ కాలు నిటారుగా దిగుతుంది. కుడి మోకాలు లోపలికి వాలుతుంది, నడుం పక్కకు ఒరుగుతుంది. టేపు తెచ్చి చిప్ప పై అంచుకు సరిగ్గా 10 సెంటీమీటర్ల పైన తొడ చుట్టుకొలత తీస్తారు: ఎడమ 49.5, కుడి 48. కీల్లో నీరు చేరితే తొడ ముందు కండరానికి నరాలు పంపే సంకేతం తగ్గుతుంది, కండరం కరుగుతుంది. ఆ ఒకటిన్నర సెంటీమీటరు, రెండు నెలలుగా లోపల నీరు ఉందని చెప్పే సాక్ష్యం.

మూడో అంచె చేతులు. దీనికి పన్నెండు నిమిషాలు. మొదట చేతి వెనకవైపు చర్మాన్ని తొడ మీద, చిప్ప మీద, పిక్క మీద వరుసగా ఆనిస్తారు. మంచి మోకాలి చిప్ప మీది చర్మం తొడ కంటే, పిక్క కంటే చల్లగా ఉంటుంది. మూడూ ఒకే వేడిలో ఉన్నా లోపల వాపు ఉందనే అనుమానించాలి, చిప్ప కాలుతూ ఉండనక్కర్లేదు. ఇక్కడ ఎడమ చిప్ప చల్లగా ఉంది, కుడిది ఒక్క పిసరు వెచ్చన. థర్మామీటరు లేకుండా ఈ తేడా పట్టుకునే చెయ్యి ఏళ్ల తరబడి వందల మోకాళ్లు తాకిన చెయ్యి.

నీరు వెతికే తీరు చూడాలి. మోకాలి లోపలి పక్కనున్న పల్లాన్ని అరచేతితో కింది నుంచి పైకి నిమిరి, అక్కడి నీటిని పైకి తోస్తారు. వెంటనే బయటి పక్కన పై నుంచి కిందికి నిమురుతారు. రెండు మూడు సెకన్లలో లోపలి పల్లం మెల్లగా నిండి ఉబ్బుతుంది. పది మిల్లీలీటర్ల లోపు నీటిని కూడా ఈ పద్ధతి బయటపెడుతుంది. మడత కొలిచే గోనియోమీటరు, అంటే రెండు చేతుల కోణమాపకం, ఎడమ మోకాలికి 138 డిగ్రీలు, కుడి మోకాలికి 120 చూపిస్తుంది. కుడి కాలు పూర్తిగా చాచినా 5 డిగ్రీలు వంగే ఉంటుంది. బాసింపట్టు ఎందుకు పడటం లేదో ఈ అంకెలు చెప్తాయి.

లిగమెంట్లను ఒక్కొక్కదాన్ని విడిగా పరీక్షిస్తారు. మోకాలిని 20 నుంచి 30 డిగ్రీలు వంచి, ఒక చేత్తో తొడను పట్టి, రెండో చేత్తో కాలి ఎముకను ముందుకు లాగడం లాక్‌మన్ పరీక్ష. ముందు లిగమెంటు బాగుంటే లాగిన చోట టక్కున ఆగుతుంది. ఆగింది. పూర్తిగా మడిచి, పాదాన్ని తిప్పుతూ చాపించడం మెక్‌మరీ పరీక్ష. మీనిస్కస్, అంటే రెండు ఎముకల మధ్య చంద్రవంక ఆకారంలో ఉండే మెత్త, చిరిగి ఇరుక్కుంటుంటే వేలి కింద కలుక్కుమంటుంది. ఇక్కడ నొప్పి ఉంది గానీ ఆ కలుకు లేదు, కాలు ఇరుక్కుపోవడమూ లేదు. చివరగా తుంటిని తిప్పి చూస్తారు. తుంటి కీలు చెడితే ఆ నొప్పి తొడ నరాల వెంట దిగి మోకాల్లో తెలుస్తుంది. ఈ ఒక్క నిమిషం మరిచిపోతే, జబ్బు ఒకచోట ఉండగా వైద్యం మరోచోట జరిగిపోతుంది. తుంటి రెండు వైపులా హాయిగా తిరుగుతోంది. మొదటి ప్రశ్న పక్కన టిక్కు పడుతుంది: నొప్పి మోకాలిదే. ఇప్పటిదాకా అయిన ఖర్చు 800 రూపాయల కన్సల్టేషన్ ఫీజు.

నాలుగో అంచె ఎక్స్‌రే. చీటీ మీద డాక్టరు గారు 'నిలబడి' అని రాసి కింద గీత గీస్తారు. పడుకుని తీస్తే ఎముకల మధ్య ఖాళీ విచ్చుకుని కనిపిస్తుంది. ఒంటి బరువు మోపినప్పుడే అసలు మందం బయటపడుతుంది. ఒక చిత్రం రెండు కాళ్లూ చాచి నిలబడి తీసేది. రెండోది మోకాళ్లను 45 డిగ్రీలు వంచి, వెనక నుంచి, గొట్టాన్ని 10 డిగ్రీలు కిందికి వంచి తీసేది. కొంచెం వంగిన కీల్లో భారం పడే చోటే మృదులాస్థి ముందుగా పలచబడుతుంది, దాన్ని ఈ చిత్రం పట్టుకుంటుంది. మూడోది చిప్పను పై నుంచి చూపేది. టెక్నీషియను పాదాల మధ్య దూరం చూసి, మోకాళ్లు పలకకు ఆనాయో లేదో సరిచేసి, "సార్, కదలకండి" అంటాడు. ఒక్క సెకనులోపు పని. మూడింటికీ కలిపి 1,200 రూపాయలు. ఒంటికి తగిలే కిరణాల మోతాదు అతి స్వల్పం.

వంచి తీసిన చిత్రంలో లోపలి పక్క ఖాళీ ఎడమ మోకాల్లో 4.5 మిల్లీమీటర్లు, కుడి మోకాల్లో 3.5. అంచున చిన్న ఎముక మొలక. ఎక్స్‌రేలో అరుగుదలను కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు వైద్యులు 1957లో చెప్పిన మెట్ల ప్రకారం సున్నా నుంచి నాలుగు దాకా లెక్కిస్తారు. ఇది రెండో మెట్టు. జనం 'గుజ్జు అరిగింది' అనేది దీన్నే. డాక్టరు గారు ఆ మాట ఇంకా అనరు. చిత్రంలో అరుగుదల ఉన్నంత మాత్రాన నొప్పి దానిదే అని కాదు. ఇంతే అరుగుదలతో ఏ నొప్పీ లేకుండా తిరిగేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఐదో అంచె రక్తం. 5 మిల్లీలీటర్లు చాలు. అడిగింది రెండే పరీక్షలు: ఈఎస్ఆర్, సీఆర్‌పీ. రెండూ ఒంట్లో ఎక్కడో వాపు రగులుతోందా అని చెప్పేవి. ఈఎస్ఆర్ పాత పద్ధతిలో నాలుగు పాళ్ల రక్తానికి ఒక పాలు సోడియం సిట్రేటు కలిపి, సన్నటి వెస్టర్‌గ్రెన్ గొట్టంలో నింపి, నిటారుగా స్టాండుకు బిగిస్తారు. గది వేడి 18 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండాలి, ఎండ తగలకూడదు, బల్ల అదరకూడదు. సరిగ్గా గంట తర్వాత ఎర్రకణాలు ఎంత కిందికి దిగాయో మిల్లీమీటర్లలో చదువుతారు. ఫలితం 9. సీఆర్‌పీ మామూలు హద్దులోనే ఉంది. ఖర్చు 600 రూపాయలు. కీళ్లవాతానికి చేసే రుమటాయిడ్ ఫ్యాక్టర్ పరీక్ష ఆమె రాయలేదు. ఏ జబ్బూ లేని కొందరిలో కూడా అది పాజిటివ్ వస్తుంది. అనుమానం లేకుండా చేయిస్తే లేని జబ్బు పేరు ఒకటి నెత్తిన పడుతుంది.

ఆరో అంచె ఈ మొత్తం పనిలో అసలైన చేతిపని: మోకాలి నుంచి నీరు తీయడం. కారణం తెలియకుండా నీరు చేరిన కీలును తేల్చడానికి ఆ నీటినే అడగాలి. ఆయన్ను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెడతారు. మోకాలు 15, 20 డిగ్రీలు వంగితే తొడ కండరం వదులవుతుంది. చిప్ప బయటి అంచు పైభాగాన, ఎముకకూ కండరానికీ మధ్య మెత్తటి చోటును బొటనవేలితో వెతికి, పెన్ను మూతతో నొక్కి గుర్తు పెడతారు. సిరాతో పెడితే శుభ్రం చేసేటప్పుడు చెరిగిపోతుంది, చర్మం మీది నొక్కు నిలుస్తుంది. పోవిడోన్ అయోడిన్‌తో గుర్తు నుంచి బయటికి సున్నాలు చుడుతూ మూడుసార్లు తుడిచి, పూర్తిగా ఆరేదాకా రెండు నిమిషాలు ఆగుతారు. ఆరే సమయంలోనే మందు క్రిములను చంపుతుంది, తడి మీద సూది దించితే తుడిచిన ఫలం దక్కదు.

సన్నటి సూదితో 2 శాతం లిగ్నొకెయిన్ 2 మిల్లీలీటర్లు చర్మం కింద వేస్తారు. నిమిషం తర్వాత 21 గేజ్ సూది, 20 మిల్లీలీటర్ల సిరంజి. ఎడమ చెయ్యి చిప్పను కొద్దిగా పక్కకు తోసి, కింద సందు చేస్తుంది. కుడి చెయ్యి సూదిని చిప్ప వెనక్కి, నేలకు సమాంతరంగా, ఎముకను తాకకుండా దించుతుంది. పిస్టనును మెల్లగా లాగుతుంటే చేతికి ఒక చిన్న సడలింపు తెలుస్తుంది. అది కీలు పొరను దాటిన క్షణం. వెంటనే లేత గడ్డిరంగు నీరు సిరంజిలోకి వస్తుంది. మంచి మోకాల్లో ఉండే నీరు 4 మిల్లీలీటర్లు మించదు. ఇక్కడ 14 వచ్చాయి. సూది తీసి, రెండు నిమిషాలు నొక్కి, చిన్న పట్టీ వేస్తారు. మొత్తం పది నిమిషాలు.

ల్యాబుకు పంపకముందే మంచం పక్కనే రెండు పరీక్షలు జరుగుతాయి. సిరంజి వెనక అచ్చు కాగితం పెట్టి చూస్తారు. అక్షరాలు స్పష్టంగా చదవడానికి వస్తున్నాయి. వాపుజబ్బులో నీరు మసకబారుతుంది, చీము పడితే అక్షరం కనిపించదు. తర్వాత సూది లేని సిరంజి మూతి నుంచి ఒక చుక్క వదులుతారు. తీగపాకం చూసే చెయ్యిలాగే, చుక్క ఎంత పొడవు సాగి తెగుతుందో కన్ను కొలుస్తుంది. ఐదారు సెంటీమీటర్లు సాగింది. ఈ జిగురు హైలురోనిక్ ఆమ్లానిది. వాపుజబ్బులో ఎంజైములు దాన్ని ముక్కలు చేస్తాయి, అప్పుడు చుక్క నీళ్లలా రాలుతుంది. నీళ్ల రిపోర్టు ఇంకా రాలేదు గానీ, రెండో ప్రశ్నకు సగం జవాబు డాక్టరు గారి చేతిలోనే ఉంది.

నీటిని మూడు గొట్టాల్లోకి పంచుతారు. ఊదా మూత గొట్టంలో 2 మిల్లీలీటర్లు కణాల లెక్కకు, మరొకటి స్ఫటికాలు వెతకడానికి, శుభ్రమైన మూడోది క్రిములు పెంచి చూడటానికి. గంటలోపు ల్యాబుకు చేరాలి, ఆలస్యమైతే కణాలు చితికి లెక్క తగ్గుతుంది. ల్యాబులో ఒక జాగ్రత్త ఉంది. రక్తంలోని తెల్లకణాలు లెక్కపెట్టడానికి వాడే ఎసిటిక్ యాసిడ్ ద్రావణం ఇక్కడ పనికిరాదు, అది కీలునీటిని గడ్డ కట్టిస్తుంది. మామూలు సెలైన్‌తోనే పలచన చేయాలి. గడుల గాజుపలక మీద లెక్క తేలింది: ఒక క్యూబిక్ మిల్లీమీటరుకు 350 కణాలు. 2,000 లోపు ఉంటే వాపుజబ్బు కాదు. 2,000 నుంచి 50,000 దాకా కీళ్లవాతం, గౌట్ వంటివి. 50,000 దాటితే ఇన్ఫెక్షన్ అనుకుని ఆ రోజే వైద్యం మొదలుపెట్టాలి.

స్ఫటికాల వెతుకులాట ఒక్క చుక్కతో నడుస్తుంది. రంగులేమీ వేయకుండా పచ్చి చుక్కను గాజుపలక మీద ఉంచి, సన్నటి మూతగాజు వేసి, ధ్రువిత కాంతి సూక్ష్మదర్శిని కింద 400 రెట్లు పెంచి చూస్తారు. గౌట్ తెచ్చే యూరేట్ స్ఫటికం సూదిలా ఉంటుంది. సూక్ష్మదర్శినిలో అమర్చిన ఎర్ర వడపోత మీది గీతకు సమాంతరంగా ఉన్నప్పుడు పసుపు రంగులో, అడ్డంగా ఉన్నప్పుడు నీలం రంగులో మెరుస్తుంది. కాల్షియం పైరోఫాస్ఫేట్ స్ఫటికం పలక ఆకారంలో ఉండి, రంగులు తారుమారుగా చూపిస్తుంది. కీలునీటిలో యూరేట్ స్ఫటికాలను ఇలా గుర్తించే పద్ధతిని మెకార్టీ, హాలండర్ అనే వైద్యులు 1961లో ప్రకటించారు. నేటికీ గౌట్‌ను ఖాయంగా తేల్చే పరీక్ష ఇదే. పాథాలజిస్టు పది నిమిషాల పాటు పలకను అంగుళం అంగుళం జరుపుతూ చూస్తారు. ఒక్కటీ లేదు. నీళ్ల పరీక్షలన్నిటికీ, తీసినందుకూ కలిపి 3,000 రూపాయలు. క్రిముల కల్చర్ ఫలితం కొన్ని రోజుల్లో వస్తుంది. క్షయ అనుమానం ఉంటే రెండు గంటల్లో తేల్చే జీన్ పరీక్ష కూడా ఇదే నీటితో చేస్తారు, ఇక్కడ ఆ అవసరం రాలేదు.

ఇప్పుడు ప్లాస్టిక్ కవరు తెరుస్తారు. యూరిక్ యాసిడ్ 7.4. రక్తంలో 6.8 దాటితే స్ఫటికాలు ఏర్పడే వీలుంది, నిజమే. కానీ ఆ హద్దు దాటినవాళ్లలో ఎక్కువమందికి గౌట్ ఎప్పుడూ రాదు. స్ఫటికం లేని మోకాలికి గౌట్ మందు అక్కర్లేదు. ఎమ్మారై రిపోర్టును ఆమె ముందుగా చదవరు, బొమ్మలు వెలుగు పలక మీద పెట్టి తానే చూస్తారు. ఈ బొమ్మల కోసం మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగిన తీగచుట్టల అయస్కాంతం, 1.5 టెస్లాల బలంతో, అరగంట పనిచేసింది. ఖర్చు 7,000. మీనిస్కస్‌లో అడ్డంగా పాకిన సన్నటి చిరుగు ఉంది. అది దెబ్బకు తెగినది కాదు, వయసుతో పీచు వదిలినది.

"ఈ చిరుగు కుట్టించుకోవాలా మేడమ్?" అని ఆయన అడుగుతారు. జవాబుకు ఆమె దగ్గర గట్టి ఆధారాలున్నాయి. అమెరికాలోని ఫ్రామింగామ్ పట్టణంలో 50 దాటిన 991 మంది మోకాళ్లకు ఎమ్మారై తీసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, మీనిస్కస్ చిరిగినవాళ్లలో 61 శాతం మందికి అంతకు ముందు నెలలో ఏ నొప్పీ, బిగువూ లేవు. ఫిన్లాండ్‌లో ఇలాంటి చిరుగులున్న 146 మందిలో కొందరికి నిజంగా మీనిస్కస్ కత్తిరించి, కొందరికి కత్తిరించినట్టు నటించి, 2013లో ఫలితం చెప్పారు. ఏడాది తర్వాత రెండు గుంపులకూ తేడా లేదు. "కాలు మధ్యలో ఇరుక్కుని చాపలేని స్థితి వస్తే అప్పుడు వేరే మాట సార్. మీకు అది లేదు."

జవాబు కూర్చడానికి ఐదు నిమిషాలు చాలు, ఎందుకంటే ముక్కలన్నీ అప్పటికే చెక్కి సిద్ధంగా ఉన్నాయి. పదిహేను నిమిషాల బిగువు, 350 కణాలు, సాగిన చుక్క, 9 ఈఎస్ఆర్ కలిసి వాపుజబ్బును తోసేస్తాయి. స్ఫటికాలు లేకపోవడం గౌట్‌ను తోసేస్తుంది. మిగిలినవి ఒక మిల్లీమీటరు తగ్గిన ఖాళీ, ఒకటిన్నర సెంటీమీటరు తగ్గిన తొడ, 26 నుంచి 44కు ఎగబాకిన కిలోమీటర్లు. కాగితం మీద ఇలా పడుతుంది: 'కుడి మోకీలు లోపలి భాగంలో తొలిదశ అరుగుదల. ఉన్నట్టుండి పెరిగిన పరుగు భారానికి రేగినది. తొడ కండరం బలహీనం. వాపుజబ్బు, గౌట్, ఇన్ఫెక్షన్ ఆధారాలు లేవు.' అడుగున ఒక హెచ్చరిక ఉంటుంది: జ్వరంతో మోకాలు వేడెక్కి ఎర్రబడితే, లేదా రాత్రి నిద్రలో నొప్పి లేపితే, ఆ రోజే రావాలి.

జవాబు చేతికొచ్చాక దాన్ని ఫిజియోథెరపిస్టు పనిలో పెడతాడు. మొదట బలం కొలుస్తాడు. మోకాలిని చాపుతూ చేతి యంత్రాన్ని నెట్టమంటే, ఎడమ కాలు 31 కిలోలు, కుడి కాలు 23 చూపిస్తుంది, అంటే 74 శాతం. గురి 90 శాతం, గడువు 12 వారాలు. మొదటి రెండు వారాలు పరుగు ఆపి, సైకిల్, నడక. గోడకు వీపు ఆనించి, మోకాళ్లు 60 డిగ్రీలు వంచి 45 సెకన్లు నిలవడం, ఐదుసార్లు. నొప్పికి డాక్టరు రాసిన డైక్లోఫెనాక్ జెల్. మూడో వారం నుంచి లెగ్ ప్రెస్ 40 కిలోలతో, పన్నెండేసి చొప్పున మూడు విడతలు, వారానికి మూడు రోజులు. ప్రతి వారం 5 కిలోలు పెంపు. దాంతో పాటు అదే 20 సెంటీమీటర్ల మెట్టు, ఈసారి అద్దం ముందు, మోకాలు లోపలికి వాలకుండా. ఫిజియోథెరపీ ఒక్కో సెషనుకు 600 రూపాయలు, పన్నెండు సెషన్లకు 7,200.

ఆరో వారంలో పరుగు తిరిగి మొదలవుతుంది: ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, పదిసార్లు. నిమిషానికి వేసే అడుగులు 160 నుంచి 168కి పెంచమంటాడు. అడుగు పొట్టిదైతే మోకాలి మీద పడే తాకిడి తగ్గుతుంది. నొప్పిని సున్నా నుంచి పది దాకా లెక్కేస్తే పరుగులో మూడు దాటకూడదు. అసలు కొలమానం మర్నాటి ఉదయం. "పొద్దున బిగువు పదిహేను నిమిషాలు దాటిందంటే నిన్న ఎక్కువైనట్టు సార్. అప్పుడు ఒక మెట్టు దిగండి, ఆపేయకండి." అరిగిన మోకాలితో పరుగేమిటన్న భయానికి కూడా అతని దగ్గర లెక్క ఉంది. అనేక అధ్యయనాలను కలిపి 2017లో చేసిన విశ్లేషణలో, తుంటి, మోకాలి అరుగుదల సరదాకు పరుగెత్తేవాళ్లలో 3.5 శాతం, పరుగెత్తనివాళ్లలో 10.2 శాతం కనిపించింది. పోటీల కోసమే బతికే పరుగువీరుల్లో మాత్రం అది 13.3.

పన్నెండో వారంలో అన్నీ మళ్లీ కొలుస్తారు. మడత 134 డిగ్రీలు. తొడ 49 సెంటీమీటర్లు. బలం 29 కిలోలు, ఎడమ దానిలో 94 శాతం. నిమిరి చూస్తే లోపలి పల్లం నిండదు. ఎక్స్‌రే మళ్లీ తీయరు, తీస్తే ఆ మిల్లీమీటరు అలాగే ఉంటుంది. కోలుకున్నది ఎముకల మధ్య ఖాళీ కాదు, దాన్ని మోసే కండరం. ఎమ్మారైని పక్కన పెడితే కారణం తేల్చడానికి అయిన ఖర్చు 5,600 రూపాయలు. అందులో 800 రూపాయల ఫీజుతో, ముప్పావు గంటలోపు మాటలతోనూ చేతులతోనూ జరిగిన పనే మిగతా పరీక్షలన్నిటికీ దారి చూపింది. వారానికి రెండు రోజుల బరువుల సాధన ఇక ఆయన పరుగులో భాగం, పరుగు ఉన్నంతకాలం అదీ ఉంటుంది. ఈ ఏడాది ఆగస్టుకు 10 కిలోమీటర్లు, వచ్చే ఏడాదికి 21.